డమ్మీ షాఫ్టూ, పొడుగు బోల్టూ

ట్రాక్టరు క్లచ్చి పని చేసే షెడ్డు గుంటూరు ఆటోనగర్‌లో ఉన్నా, అద్దంకి రోడ్డు పక్కన నాలుగు రేకుల కింద ఉన్నా, అందులో ఓ మూలన చెయ్యంత పొడవు ఇనుప షాఫ్టు ముక్క ఒకటి ఆనించి ఉంటుంది. ఒక కొసన సన్నని మొన, నడుమ నిలువు గాట్లు, రెండో కొసన పట్టుకోడానికి అడ్డంగా వెల్డింగు పెట్టిన కడ్డీ. దాన్ని డమ్మీ షాఫ్టు అంటారు. స్కూటర్లూ ఆటోలూ బాగుచేసే మెకానిక్ పానాల డబ్బాలో ఉండేది వేరు: ఒక పొడుగు బోల్టు, దానికి రెండు మందపాటి వాషర్లు, ఒక నట్టు. దానికి పేరంటూ లేదు. "ఆ బోల్టు ఇటియ్యరా" అంటే షెడ్డు కుర్రాడు సరిగ్గా దాన్నే తెచ్చిస్తాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కోదాన్ని కంపెనీ వాళ్ళ పనిముట్టు పక్కన కూడా పెట్టి చూడాలి. కవితనో కథనో విమర్శించినంత శ్రద్ధగా మనం పనిముట్టును విమర్శించం. షెడ్డులో చేసిన వస్తువు కంటబడితే భలే తెలివి, ఎంత చవగ్గా చేశాడో అని మెచ్చుకుని వెళ్ళిపోతాం. ఆ మెప్పు మనసారా ఇచ్చిందే. కానీ అందులో మంచి పనిముట్టుకూ చెడ్డ పనిముట్టుకూ ఉన్న తేడా కొట్టుకుపోతుంది, ఎందుకంటే చవక అనే గుణం రెంటికీ ఉంది. నేను అడిగే ప్రశ్నలు రెండే. ఈ పనిముట్టులోకి కొలత ఎక్కణ్ణుంచి వచ్చింది? పని జరుగుతున్నప్పుడు బలం ఎటు పోతోంది? షెడ్డు పనిముట్లన్నిటినీ ఈ రెండు ప్రశ్నల దగ్గర నిలబెడితే కొన్ని కంపెనీ పనిముట్టును మించి నిలుస్తాయి, కొన్ని మెకానిక్ వేళ్ళకే ఎసరు తెస్తాయి.

క్లచ్చి గురించి మాట్లాడే ముందు అది ఎందుకు పోతుందో చూడాలి. పత్తీ మిరపా పండే ఈ నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చి, నాలుగు చినుకులు పడగానే చక్రానికి పట్టి వదలదు. ఆ తడి ఆరీ ఆరకముందే రొటావేటరు దించుతారు. పత్తి బోరాలు ఎత్తుగా కట్టిన ట్రక్కును చేలోంచి డొంకకూ, డొంకలోంచి రోడ్డుకూ ఎక్కించేటప్పుడు డ్రైవరు కాలు క్లచ్చి పెడలు మీదే ఉంటుంది. సగం తొక్కిన క్లచ్చితో బరువు లాగించడం ప్లేటుకు పెద్ద శత్రువు. ఫ్లైవీలు తిరిగే వేగం ఒకటి, ప్లేటు తిరిగే వేగం మరొకటి అయినంతసేపూ నడుమనున్న లైనింగు కాలుతూ ఉంటుంది. పెడలుకు మోడలును బట్టి రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అది సర్దకుండా వదిలేస్తే కాలు తీసినా రిలీజ్ బేరింగు క్లచ్చిని విడదీసే ఫింగర్లను నొక్కుతూనే ఉంటుంది. అంచేత క్లచ్చి పోయేది వానాకాలం పత్తి విత్తే అదునులోనో, మిరపకాయ టిక్కీలు కల్లాల నుంచి గుంటూరు యార్డుకు కదిలే రోజుల్లోనో. బండి ఖాళీగా ఉన్న నెలల్లో దానికి పోవాల్సిన అవసరమే ఉండదు.

"మేస్త్రీ, రేపటికన్నా అవుద్దా?"

"ప్లేటు దొరికితే అవుద్ది బాబాయ్. ముందు బండిని విడగొట్టనియ్యి."

విడగొట్టడమంటే ట్రాక్టరును నిజంగానే రెండు సగాలు చేయడం. ఇంజనూ ముందు చక్రాలూ ఒక సగం, గేరుబాక్సూ వెనక చక్రాలూ ఇంకో సగం. ముందు యాక్సిలు అటూ ఇటూ ఊగకుండా రెండు పక్కలా చెక్క మేకులు బిగించి, గేరుబాక్సు కింద దుంగలు పేర్చి, జాకీ మీదా చైన్ పుల్లీ మీదా భారం మోపి, ఒక సగాన్ని వెనక్కి నెడతారు. ఇంత పెద్ద పనంతా లోపలున్న, పళ్ళెమంత వెడల్పు ప్లేటు ఒక్కటి మార్చడానికి.

ఆ ప్లేటు ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ నడుమ ఉంటుంది. దాన్ని దేనికీ బోల్టులు పెట్టి బిగించరు. ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగిసేటప్పుడు అది ఎక్కడ ఉంటే అక్కడే నొక్కుకుని ఆగిపోతుంది. తర్వాత గేరుబాక్సు నుంచి వచ్చే మెయిన్ షాఫ్టు ఆ ప్లేటు హబ్బులోని గాట్ల గుండా దూరి, ఫ్లైవీలు నడిమధ్యనున్న చిన్న పైలట్ బేరింగులో మొన ఆనించాలి. ప్లేటు ఒక్క మిల్లీమీటరు కిందికి జారి బిగిసినా ఆ మొన లోపలికి దిగదు. అప్పుడు చాలామంది చేసే పని హౌసింగు బోల్టులు ఎక్కించి, పానాతో తిప్పి, రెండు సగాలనూ బలవంతంగా దగ్గరికి లాగడం. దాంతో ప్లేటు హబ్బు వంగుతుంది, లేకపోతే పోత ఇనుప హౌసింగు చెవి విరుగుతుంది. కొత్త ప్లేటు వేసిన మర్నాడే ట్రాక్టరు అదురుతోందని రైతు తిరిగొస్తే, సగం సార్లు కారణం ఇక్కడే దొరుకుతుంది.

డమ్మీ షాఫ్టు ఈ ఒక్క పని కోసం పుట్టింది. ప్రెషర్ ప్లేటు బిగించే ముందు దాన్ని ప్లేటు గుండా దూర్చి, మొన బేరింగులో ఆనిస్తారు. ప్లేటు తనంతట తాను మధ్యకు వస్తుంది. బోల్టులు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించి, షాఫ్టును వెనక్కి లాగేస్తారు. షాఫ్టు తేలిగ్గా జారి వచ్చిందంటే గేరుబాక్సు కూడా తేలిగ్గా కూర్చుంటుంది. ఆ పనిముట్టు తన పనిని తానే పరీక్షించి చూపిస్తుందన్న మాట. ఇది చిన్న గుణం కాదు.

ఇక కొలత. షెడ్డు వాడు దీన్ని ఎలా చేశాడు? గేరుబాక్సు పగిలి తుక్కుకు వచ్చిన అదే మోడలు ట్రాక్టరు మెయిన్ షాఫ్టును తెచ్చి, కావలసినంత కోసి, వెనక కడ్డీ అతికించాడు. కాలిపర్సు తీయలేదు, గీత గీయలేదు. హబ్బుకు ఎన్ని గాట్లు ఉండాలో, మొన ఎంత లావుండాలో ఆ ఇనుములోనే ఉంది. ట్రాక్టరు కంపెనీ ఇంజనీరు గీసిన గీతే పనిముట్టులోకి నేరుగా దిగింది. ఈ నేల మీద దాని విలువ తెలియాలంటే ఇక్కడికి ఎన్ని రకాల ట్రాక్టర్లు వచ్చాయో గుర్తుచేసుకోవాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఈ ప్రాంతపు సేద్యం మారిపోయింది. మద్రాసులో 1960లో మొదలైన టాఫె మాసీ ఫెర్గూసన్లను ఇచ్చింది. 1963లో మహీంద్రా ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి ట్రాక్టర్లలోకి దిగింది. దుర్గాపూర్ ప్రభుత్వ పరిశోధన సంస్థ రూపొందించిన స్వరాజ్ 1974 నుంచి పంజాబులో తయారైంది. ఆ తర్వాత ఇంకెన్నో. ఒకరి షాఫ్టు ఇంకొకరి ప్లేటులో దూరదు. కంపెనీ డీలరు వర్క్‌షాపుకు తన బండ్లు మాత్రమే వస్తాయి కాబట్టి ప్లేటును మధ్యకు తెచ్చే కంపెనీ పనిముట్టు, మాండ్రెల్, ఒక్కటి తన దగ్గర ఉంటే సరిపోతుంది. రోడ్డు పక్క షెడ్డుకు ఏ బండి వస్తుందో తెలియదు. మోడలుకొకటి చొప్పున కంపెనీ పనిముట్లు కొనాలంటే మేస్త్రీ తన సంపాదనంతా వాటికే పెట్టాలి. తుక్కు షాఫ్టులు మాత్రం అన్ని మోడళ్ళవీ దొరుకుతాయి, ఎందుకంటే ఏ మోడలు ఎక్కువగా నడుస్తుందో ఆ మోడలు తుక్కే ఎక్కువగా వస్తుంది.

కంపెనీ మాండ్రెల్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. లేతు మీద మెట్లు మెట్లుగా తీసి, గట్టిపరచి, సానపట్టిన ఉక్కు అది. దాని మీద అరుగుదల లేదు. డమ్మీ షాఫ్టు మీద ఉంది. పదేళ్ళు పొలంలో తిరిగిన షాఫ్టు గాట్లు ఒక పక్కకు అరిగిపోతాయి, మొన పైలట్ బేరింగులో తిరిగి తిరిగి సన్నబడుతుంది. అలాంటి షాఫ్టును కోసి డమ్మీ చేస్తే ప్లేటు దాని మీద వదులుగా వేలాడుతుంది. చూపుకు మధ్యలోనే ఉన్నట్టుంటుంది, నిజానికి అరిగినంత మేర కిందికి దిగి ఉంటుంది. షెడ్డు పనిముట్టులోని మంచీ చెడూ రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయి: కొలత యంత్రం నుంచే వచ్చింది కనుక యంత్రం ముసలితనం కూడా దానితోనే వచ్చింది. నేర్పరి మేస్త్రీకి ఇది తెలుసు. తుక్కు కొట్లో షాఫ్టు ఎంచుకునేటప్పుడు కొత్త క్లచ్చి ప్లేటు చంకన పెట్టుకుని వెళతాడు. ప్లేటు తన బరువుకు తాను నెమ్మదిగా జారాలి, పట్టుకుని ఊపితే మాత్రం ఊగకూడదు. అలా ఎంచిన షాఫ్టు ముక్కను నేను కంపెనీ మాండ్రెల్‌కు ఏ మాత్రం తగ్గనిదిగా లెక్కిస్తాను.

దీని పక్కన వేరే రెండు రకాలను పెట్టండి. లేతు వాడి చేత మెత్తటి రాడ్డును నున్నగా తీయించి, గాట్లు లేకుండా, హబ్బు లోపలి కొలతకు సరిపెట్టేది ఒకటి. అది పని చేస్తుంది, కాకపోతే కొలత తీసినవాడి చేతి మీద ఆధారపడుతుంది. రెండోది ఏదో ఒక రాడ్డుకు ఇన్సులేషన్ టేపు చుట్టి లావు చేసి దూర్చేది. టేపు నొక్కుకుపోతుంది, వేడికి జిగురు సాగుతుంది, ప్లేటు ఎటు నొక్కితే అటు ఒరుగుతుంది. అందులో కొలత లేనేలేదు. కొలత ఉన్నట్టు అనిపించడం మాత్రమే ఉంది. మూడూ షెడ్డులో చేసినవే, మూడూ చవకే. తుక్కు షాఫ్టు పరిపూర్ణమైన రూపకల్పన, నున్నటి రాడ్డు మధ్యరకం, టేపు రాడ్డు పని తప్పించుకోవడం. మూడింటినీ ఒకే నోటితో మెచ్చుకుంటే మొదటిదాన్ని చేసినవాడికి అన్యాయం జరుగుతుంది.

ఫింగర్ల ఎత్తు చూసే పట్టీ ఇంకా ఇబ్బందైన ఉదాహరణ. ప్రెషర్ ప్లేటు మీది ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఎత్తుగా ఉంటే రిలీజ్ బేరింగు ముందు దాన్నే తాకుతుంది, క్లచ్చి వదిలేటప్పుడు బండి అదురుతుంది, బేరింగూ తొందరగా పోతుంది. కంపెనీ వాళ్ళకు దీని కోసం అచ్చు కొలత గేజి ఉంటుంది. షెడ్డులో ఒక ఇనుప పట్టీకి గాటు పెట్టి గేజిలా వాడతారు. ఆ గాటు ఎక్కడిది? చాలాసార్లు బాగా నడుస్తున్న ఒక ట్రాక్టరును విప్పినప్పుడు దాని ఫింగర్ల ఎత్తును చూసి పెట్టినది. ఆ ట్రాక్టరు ప్లేటు అప్పటికే సగం అరిగి ఉంటుంది. ప్లేటు అరిగిన కొద్దీ ఫింగర్లు పైకి లేస్తాయి. ఫ్లైవీలును అంతకుముందు లేతు మీద చెక్కించి ఉంటే లెక్క మరీ మారుతుంది. అంటే పట్టీ మీద ఉన్నది ఒక అరిగిన బండి జ్ఞాపకం, దాన్ని కొత్త ప్లేటు వేసిన ప్రతి బండికీ అంటగడుతున్నారు. డమ్మీ షాఫ్టులో వచ్చిన అరుగుదలను కొత్త ప్లేటు పెట్టి చూసి పట్టుకోవచ్చు. ఈ గాటులో దాగిన అరుగుదలను పట్టుకునే ఉపాయం పట్టీలో లేదు. ఫింగర్లన్నీ సమానంగా ఉన్నాయో లేదో చెప్పడానికి మాత్రం అది పనికొస్తుంది. ఎంత ఎత్తు ఉండాలో చెప్పడానికి మాన్యువల్లోని అంకె తప్ప గతి లేదు. అందుకే మంచి షెడ్డు పట్టీ మీద మోడలు పేరూ అంకే చెక్కి ఉంటాయి.

డమ్మీ షాఫ్టుకు ఇంకో ఉపయోగం ఉంది. పైలట్ బేరింగు చోట బుష్షు ఉండి, అది పాతబడి బిగుసుకుపోతే దాన్ని బయటికి లాగడానికి పట్టు దొరకదు. అది గుంటలో కూర్చుని ఉంటుంది, వెనక నుంచి తట్టడానికి దారి లేదు. అప్పుడు ఆ గుంట నిండా గ్రీజు కూరి, డమ్మీ షాఫ్టు మొనను బుష్షు రంధ్రంలో పెట్టి సుత్తితో కొడతారు. గ్రీజు కుదించుకోదు. మొన లోపలికి దిగిన మేరకు అది బుష్షు వెనక్కి చేరి దాన్ని ముందుకు తోస్తుంది. నాలుగు దెబ్బలకు బుష్షు కదిలి బయటికి వస్తుంది. మొన ఆ రంధ్రానికి సరిగ్గా సరిపోతుంది గనుకే ఇది సాధ్యం, టేపు చుట్టిన రాడ్డుతో కొడితే గ్రీజు పక్కల నుంచి ముఖం మీదికి చిమ్ముతుంది. ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం, లారీ జాకీలో ఉన్నదే, ఇక్కడ చారెడు గ్రీజులో పని చేస్తోంది.

ఇదే సూత్రాన్ని వేరే చోటా వాడతారు. అమెరికాలో, కెనడాలో మంచు మీదా అడవి దారుల మీదా తిరిగే నాలుగు చక్రాల ఏటీవీలున్నాయి. పొలారిస్ వంటి కంపెనీలవి. వాటి ముందు క్లచ్చి క్రాంకు షాఫ్టు కొసన, మొన వైపు సన్నబడే భాగం మీద బిగుసుకుని ఉంటుంది. దాన్ని తీయడానికి కంపెనీ అమ్మేది గట్టిపరచిన పొడుగాటి పుల్లర్ బోల్టు. అది కొనని ఇంటి మెకానిక్కులు అక్కడ ఒక పద్ధతి పాటిస్తారు: క్లచ్చి నడిమి రంధ్రంలో నీళ్ళు నింపి, బోల్టు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తారు. పోవడానికి చోటు లేని నీరు క్లచ్చిని వెనక్కి తోసేస్తుంది. మన గ్రీజు పద్ధతికీ దానికీ సూత్రం ఒక్కటే. తేడా బలంలో ఉంది. వాళ్ళు మరతో బలం పెడతారు, పానా ఎంత తిప్పితే అంతే పెరుగుతుంది, ఆపితే ఆగుతుంది. మనం సుత్తితో పెడతాం, దెబ్బ పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోలేం. బుష్షు చిన్నది కాబట్టి సుత్తికి సరిపోయింది. క్లచ్చి వంటి బరువైన దాని మీద సుత్తి కొడితే క్రాంకు బేరింగులు దెబ్బతింటాయి.

ఇక్కడే పొడుగు బోల్టు గొప్పతనం అర్థమవుతుంది. వెస్పా వంశంలో పుట్టిన బజాజ్ చేతక్ 1972 నుంచి దశాబ్దాల తరబడి మన ఊళ్ళను మోసింది. దాని క్లచ్చి, దాని దారిలోనే వచ్చిన పాత టూ స్ట్రోక్ ఆటోల క్లచ్చి, నూనెలో మునిగి ఉండే చిన్న గుండ్రని పెట్టె. లోపల కార్కు ప్లేట్లు, స్టీలు ప్లేట్లు, వాటి కింద ఆరేడు స్ప్రింగులు, అంతా ఒక రింగు పట్టుకుని ఉంటుంది. కార్కు ప్లేట్లు మార్చాలంటే స్ప్రింగులను నొక్కి రింగు మీది ఒత్తిడి తీయాలి. కంపెనీ కంప్రెసర్ ఒకటి ఉంది. షెడ్డు వాడు దాని ఆకారాన్ని అనుకరించలేదు. క్లచ్చి నడిమి రంధ్రంలోంచి పొడుగు బోల్టు దూర్చి, రెండు పక్కలా వాషర్లు వేసి, నట్టు బిగించాడు. స్ప్రింగులు సమానంగా నొక్కుకుంటాయి. రింగు వేలితో వచ్చేస్తుంది. తర్వాత నట్టు వదులు చేస్తే స్ప్రింగులు నెమ్మదిగా లేస్తాయి.

రెండు పనిముట్లనూ ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే అవి రెండు వేరు జాతులవి. డమ్మీ షాఫ్టు గొప్పతనం కొలతలో ఉంది, బలంతో దానికి పని లేదు. పొడుగు బోల్టుకు కొలతతో పని తక్కువ, వాషరు రంధ్రం కొంచెం అటూ ఇటూ అయినా నడుస్తుంది. బలం దాని లోపలే తిరుగుతుంది. స్ప్రింగు రెండు వాషర్లనూ దూరం నెట్టాలని చూస్తుంది, బోల్టు రెంటినీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఆ లెక్క అంతా బోల్టూ స్ప్రింగూ తేల్చుకుంటాయి, మెకానిక్ చేతికి ఏమీ తగలదు. కంపెనీ కంప్రెసర్ కన్నా ఇది మెరుగని నేను అంటాను. అది ఒక్క మోడలుకే సరిపోతుంది, దీనికి వాషర్లు మారిస్తే చాలు. ఎక్కడ అరిగినా ఐదు నిమిషాల్లో ఇంకో బోల్టు.

అదే చేతక్ క్లచ్చిని షాఫ్టు మీద పట్టి ఉంచే కోట గోడ పళ్ళ నట్టు దగ్గర మాత్రం చాలా షెడ్లు మెట్టు దిగిపోయాయి. దానికి నాలుగు పళ్ళున్న గొట్టం పానా కావాలి. పాత సాకెట్టునో మందపాటి పైపు ముక్కనో ఆకురాయితో రాస్తే ఒక పూటలో తయారవుతుంది. ఆ పూట వెచ్చించని వాళ్ళు ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పారు. సెకండ్ హ్యాండు చేతక్ క్లచ్చి మూత తీసి ఆ నట్టు మీది ఉలి గాట్లు చూస్తే అది ఏ తరహా చేతుల్లో తిరిగిందో చెప్పవచ్చు. హీరో హోండా కాలం బైకుల్లో ఆయిల్ ఫిల్టరు రోటరు మీది నాలుగు గాట్ల నట్టుకూ ఇదే గతి పట్టింది.

పొడుగు బోల్టు ట్రాక్టరులోకి కూడా వెళ్ళింది. రొటావేటరు వంటివాటిని తిప్పే పీటీవోకు వేరే ప్లేటు ఉండే డ్యూయల్ క్లచ్చిలో స్ప్రింగుల బలం చాలా ఎక్కువ. దాన్ని విప్పాలంటే మూడు చోట్ల పొడుగు బోల్టులు ఎక్కించి, ఒక్కోదాన్ని ఒక్కో చుట్టు చొప్పున వరసగా వదులు చేస్తూ పోవాలి. ఒకదాన్ని ఒకేసారి వదిలితే పెట్టె ఒరిగి ప్లేటు పగుల్తుంది. ఇది ఓపిక పని, అదునులో రైతు పక్కన నిలబడి ఉండగా చేయడం కష్టం. అయినా ఈ పనిలో పెద్ద మేస్త్రీలు తొందరపడడం నేను చూడలేదు. డ్యూయల్ క్లచ్చికి డమ్మీ షాఫ్టు కూడా ఒకటి చాలదు. బోలు షాఫ్టూ దాని లోపల దూరే షాఫ్టూ రెండూ ఒకే మోడలు నుంచి కావాలి. అందుకే ఆ జతను షెడ్లు ఒకదానికొకటి ఎరువు ఇచ్చుకుంటాయి.

పరికరాన్ని ఏ కొలబద్దతో చూడాలో మన దేశంలో ఒకసారి చాలా స్పష్టంగా రాసి పెట్టారు. 1929లో గాంధీజీ చొరవతో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ధర 150 రూపాయలు మించకూడదు, ఇరవై ఏళ్ళు నడవాలి, ఏటా మరమ్మతు ఖర్చు ధరలో ఐదు శాతం దాటకూడదు. బహుమతి అప్పట్లో ఎవరికీ దక్కలేదు. ఆ షరతుల్లో నన్ను పట్టి నిలిపేది మరమ్మతు గురించిన మాట. బాగుచేసుకోవడాన్ని రూపకల్పనలో భాగంగా చూసిన ప్రకటన అది. మన కాలంలో ఆలేరు చింతకింది మల్లేశం, నేతకు ముందు నూలు చుట్టే ఆసు పనితో తల్లికి వచ్చిన చేతి నొప్పి చూసి ఆసు యంత్రం చేశాడు, దానికి 2017లో పద్మశ్రీ వచ్చింది, అతని మీద సినిమా కూడా వచ్చింది. ఆ గౌరవం న్యాయమైనది. కొత్త యంత్రానికి పేరు వస్తుంది. ఉన్న యంత్రాన్ని నిలబెట్టే పనిముట్టుకు పేరు రాదు, బొమ్మ గీసి పెట్టినవాడు కూడా లేడు. మేస్త్రీ షెడ్డు మూసేస్తే డమ్మీ షాఫ్టులు కిలోల లెక్కన తుక్కుకే తిరిగిపోతాయి, ఏది ఏ మోడలుదో చెప్పేవాడు ఉండడు. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఈ పనిముట్లను సేకరించి, కొలిచి, మోడలు వారీగా బొమ్మలు గీసి ఐటీఐ పిల్లల చేతిలో పెట్టడం ఆ సంస్థల స్థాయికి తగిన పని అని నా గట్టి అభిప్రాయం. కనీసం ప్రతి డమ్మీ షాఫ్టు మీదా అక్షరాల పంచితో మోడలు పేరు కొట్టించడం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు షెడ్లకు ఎక్కువగా వస్తున్నవి గేర్లు లేని స్కూటర్లు. 1980ల్లో కైనెటిక్ హోండాతో మొదలై, 2001లో యాక్టివా వచ్చాక ప్రతి ఊరికీ పాకినవి. వీటిది ఏటీవీ క్లచ్చికి దగ్గరి చుట్టరికం. రెండు పుల్లీల నడుమ రబ్బరు బెల్టు, వేగం పెరిగే కొద్దీ ముందు పుల్లీ మూసుకుంటూ వెనక పుల్లీ తెరుచుకుంటూ పోతుంది. 2007 నుంచి ఇంజనీరింగు విద్యార్థులకు జరుగుతున్న బాహా పోటీల కోసం తెలుగు రాష్ట్రాల కాలేజీ పిల్లలు కట్టే ఏటీవీల్లోనూ ఈ తరహా బెల్టు డ్రైవే చాలావాటికి వాడతారు. స్కూటరు వెనక పుల్లీలో ఒకే ఒక లావు స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక పెద్ద నట్టు. ఆ నట్టు ఆఖరి మర వదలగానే పై భాగమంతా పైకి ఎగురుతుంది. కంపెనీ కంప్రెసర్ ఒక ఇనుప చట్రం, పైన మర. షెడ్లలో సాధారణంగా జరిగేది వేరు. నేల మీద పెట్టి ఒక కుర్రాడు మోకాళ్ళతో నొక్కుతాడు, ఇంకొకడు నట్టు విప్పుతాడు, తర్వాత మొదటివాడు మోకాళ్ళు మెల్లగా లేపుతాడు. బలం ఇక్కడ మనిషి ఒంట్లోంచి పోతోంది. తాతల నాటి చేతక్ క్లచ్చికి పొడుగు బోల్టు వాడిన షెడ్డే, అంతకన్నా బలమైన స్ప్రింగుకు మోకాలు వాడుతోంది. ఈ రెండూ ఒకే డబ్బా పక్కన జరగడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పరిష్కారం ఆ డబ్బాలోనే ఉంది.

నడిమి రంధ్రాన్ని నట్టు మూసేసి ఉంటుంది గనుక పొడుగు బోల్టు ఇక్కడ సూటిగా దూరదు. అదొక్కటే అడ్డు. పక్కల నుంచి పోనిస్తే సరిపోతుంది. మందపాటి ఇనుప పట్టీలు రెండు, ఒకటి పుల్లీ కిందా ఒకటి క్లచ్చి పైనా. పై పట్టీ నడుమ నట్టుకు పానా పట్టేంత పెద్ద రంధ్రం కోయించాలి. పట్టీల రెండు కొసల్లోంచి మరలు తీసిన రెండు రాడ్లు, ఒక్కోదానికి పైన ఒక నట్టు. రెండు నట్లనూ మార్చి మార్చి బిగిస్తే స్ప్రింగు నొక్కుకుంటుంది, పెద్ద నట్టు మీది భారం పోతుంది, దాన్ని విప్పి తీశాక రెండు పక్కల నట్లనూ అదే వరసలో వదులు చేస్తూ రావాలి. రాడ్లు కోయించేటప్పుడు స్ప్రింగు నొక్కుకున్నప్పటి ఎత్తు చూసి కాక, విడిగా ఉన్నప్పటి పూర్తి ఎత్తు చూసి కోయించాలి. స్ప్రింగు మొత్తం సాగి చేత్తో కదిలేంత వదులయ్యాక కూడా నట్టు పైన ఇంకా నాలుగైదు మరలు మిగిలి ఉండాలి.